కూనిరాగం తీసేసిన ఆల్బం

పెద్దాయన ఆఖరి ఆల్బంలోంచి ఆయన గొంతును మా స్టూడియో తీసేసింది. ఆయనను అడగలేదు. ఆ మాట చెప్పకుండా ఈ సంతాప సభలో ఆయనను పొగడడానికి నాకు నోరు రావడం లేదు.

పెద్దలారా, ఆయనతో కలిసి వాయించినవారలారా, ముందు వరుసలో కూర్చున్న మా ఓనరుగారూ, పెద్దాయన భార్య అమ్మగారూ, నేను ఆ స్టూడియోలో మైకులు బిగించేవాణ్ని. సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, విని విని పట్టుకున్నదే. మాటల్లో తప్పులుంటే సర్దుకోండి. జరిగినదానికి మాత్రం సర్దుకోవద్దు.

ఆ ఆల్బం కోసం రికార్డు చేసిన కచేరీకి పక్కవాద్యాలు లేవు. ఒక్క మనిషి, ఒక్క పియానో, ఎదురుగా మీరు. తన జీవితాన్ని మొదటినుంచి జాజ్‌లో వాయిస్తానన్నారు. అప్పటికి పక్షవాతం తగ్గినా కుడిచేతి చివరి రెండు వేళ్లు ఇంకా లేవడం లేదు. పొద్దున నేను పియానోకు రెండు మైకులు పెడుతుంటే దగ్గరికొచ్చి, "ఒరేయ్ అబ్బాయ్, పెట్టెకు రెండు పెట్టావు, మరి ఈ ముసలాడి నోటికేదిరా?" అన్నారు. సరదాకనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. మూడో మైకు తెప్పించి తన నోటికి దగ్గరగా తనే వంచుకున్నారు.

సాయంత్రం మీకూ చెప్పారు. గుర్తుందా? "రెండు వేళ్లు నా మీద అలిగాయి. వాటి పని గొంతు చూసుకుంటుంది. భరించలేకపోతే చెవులు మూసుకోండి, నేనేమీ అనుకోను."

వాళ్లమ్మ కుట్టుమిషన్ చప్పుడంతా ఎడమచేతిలో వినిపించారు. హోటల్ లాబీలో ఎవరూ వినకపోయినా వాయించిన ఏళ్లను ప్లేట్ల గలగలతో సహా వాయించారు. ఆఖరున భార్య మీద, ఈ అమ్మగారి మీద కట్టిన బాణీ. అది మెట్టు మెట్టుగా పైకి వెళ్తుంది. పై మెట్లకు వేళ్లు చాలలేదు. అక్కడ కూనిరాగం తీశారు. బొంగురు గొంతు, శ్రుతి కాస్త అటూ ఇటూ. అయినా అందుకున్నారు. మీలో కళ్లు తుడుచుకోనిదెవరు?

తర్వాత ఆ రికార్డింగు వింటూ మా ఓనరుగారు అన్న మాట ఇది: "పియానో బాగుంది. ఆ గురక తీసేయండి."

గురకట. మూడో మైకు మొత్తం పక్కన పడేశారు. పియానో మైకుల్లో పడిన కాస్త గొంతునూ తుడిచేశారు. మిగిలిందేమిటి? పైకెక్కబోయి మధ్యలో ఆగిపోయే బాణీ. కవరు మీద మాత్రం 'ఒక జీవితం, ఉన్నది ఉన్నట్టుగా' అని అచ్చేశారు. సిగ్గుండాలి మాకు.

మరి మీకు? ఆల్బం విని, "పాపం, చెయ్యి పడిపోయింది, ఇక ఇంట్లో కూర్చోవాల్సింది" అన్నది ఈ హాల్లో ఉన్నవాళ్లే. కచేరీలో ఏడ్చినవాళ్లే. ఆ గొంతు ఏమైందని ఒక్కరు అడిగారా?

ఆల్బం కాపీ పెద్దాయనకు ఇచ్చి రమ్మని నన్నే పంపారు. ఆయన నా ఎదుటే పెట్టించుకుని, చివరిదాకా కదలకుండా విన్నారు. తర్వాత అమ్మగారి వైపు తిరిగి, "చూశావా, నీ దగ్గరికొచ్చేసరికి నన్ను మూగవాణ్ని చేశారు" అన్నారు. నన్ను తిట్టలేదు. "అబ్బాయి ఎండలో పడి వచ్చాడు, తాగడానికేమైనా ఇవ్వు" అన్నారు. తిట్టినా బాగుండేది. ఆ గ్లాసు పట్టుకుని ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ రోజు నుంచి పోయేదాకా ఆయన పియానో మూత తీయలేదని అమ్మగారు చెప్పారు.

ఆ గొంతు ఇంకా ఉంది. మూడో మైకు రికార్డింగు స్టూడియోలో విడిగా ఉంది. నిన్న విన్నాను. ఈ మాట బయటపెట్టినందుకు నా ఉద్యోగం పోతుంది. పోనివ్వండి.

ఇప్పుడు అందరం లేచి నిలబడదాం. దుఃఖంతోనే కాదు, సిగ్గుతో కూడా తల వంచుకుని, కాసేపు నోరు మూసుకుందాం. ఓనరుగారూ, మీరూ లేవండి. ఆ గొంతును ఎక్కడిదక్కడ పెట్టి ఆల్బం మళ్లీ వేస్తారా, వేయరా? శుక్రవారం స్టూడియో మూసేలోపు జవాబు కావాలి. నాకు కాదు. అమ్మగారి ఇంటికి వెళ్లి, ఆమె ఎదురుగా కూర్చుని చెప్పండి.