స్టాండు అక్కర్లేని బండి

"బండికి స్టాండు వెయ్యలేదని చూస్తున్నారా? అక్కర్లేదు! నా క్రూయిజర్ బైకు వెనక చక్రానికి కారు టైరు ఎక్కించాను. ఎక్కడ వదిలితే అక్కడ పీట వేసినట్టు కూర్చుంటుంది," అన్నాడు టైలరు మాస్టారు, టీ కొట్టు బల్ల సగం తనే ఆక్రమించి.

"మరి గోడకి ఆనించావేం తమ్ముడూ?" అంది టీ కొట్టు అక్క.

"నీ గోడ పాతదక్కా. పడిపోతుందేమోనని దానికి ఆసరాగా పెట్టాను."

బల్ల మీద మిగిలిన సగంలో సెలూన్ ఆయన, మాస్టారి బావమరిది ఇరుక్కుని కూర్చున్నారు. బావమరిది వచ్చినప్పటి నుంచీ నడుం రుద్దుకుంటూనే ఉన్నాడు. ఆదివారం ముగ్గురూ బళ్ళ మీద కొండెక్కాలి. ముందు ఎవరు వెళ్ళాలో ఇప్పుడే తేల్చుకోవాలి.

"మూడేళ్ళుగా మీ వెనకే వస్తున్నాను. మీ పొగ మింగీ మింగీ కడుపు మండిపోయింది నాకు!" అన్నాడు మాస్టారు. " ఇంత లావు బండికి చివరి చోటేమిటి? వెనక టైరు ఊరికే అరిగిపోతుందనేగా మీ వంక? అందుకే పోయిన వారం కారు టైరు కొన్నాను. షాపు వాడు చూసి, ఇది మీ రిమ్ముకి పట్టదు మాస్టారూ అన్నాడు. చొక్కా చేతులు మడిచాను. అంచు చుట్టూ సబ్బు నీళ్ళు పూశాను, ఇనప పట్టీ దూర్చాను, ఒక్క తన్ను తన్నాను. ఠప్! ఆ చప్పుడుకి వీధిలో కార్లన్నీ వాటంతటవే హారన్ కొట్టాయి."

"నేనూ తన్నాను బావా," అన్నాడు బావమరిది.

"తన్నావులే, తగల్లేదు. సరే, బయల్దేరాను, ఊరు దాటాను, కొండ మొదలైంది, మొదటి మలుపొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పడ్డారా?" అన్నాడు సెలూన్ ఆయన ఆశగా.

"అవేం మాటలయ్యా! మామూలు టైరు గుండ్రంగా ఉంటుంది, మలుపులో బండి పక్కకి ఒరుగుతుంది. ఇదేమో బల్లపరుపు. ఒరగమంటే ఒరగదు. హ్యాండిల్ లాగాను, మోకాలితో నెట్టాను, బతిమాలాను, తిట్టాను. ఊహూ! ఎదురుగా లోయ. బండి ఒరగదని తేలిపోయాక ఇంకేం చేస్తాను? కాళ్ళు రెండూ నేలకి తన్నిపెట్టి రోడ్డునే ఒరిగించాను!"

"రోడ్డునా?"

"రోడ్డునే! తారు కిర్రుమని లేచింది, దాని మీద ఇస్త్రీపెట్టెలా జారిపోయాను. రెండో మలుపుకి రోడ్డుకి నా సంగతి తెలిసిపోయి తనే ఒరిగింది. పదో మలుపు దగ్గర భయపడి అసలు మెలికలు తిరగడమే మానేసింది. నలభై మలుపులయ్యా! నేను పైకి చేరేసరికి స్కేలు పెట్టి గీసినట్టు పడుంది. పై ఊరి వాళ్ళు పరిగెత్తుకొచ్చి, మా ఊరు పది కిలోమీటర్లు దగ్గరైంది మాస్టారూ అని నన్ను బండితో సహా భుజాలకెత్తుకున్నారు. మిగిలిపోయిన మైలురాయి ఒకటి నాకే ఇచ్చేశారు, దుకాణంలో బట్టల మీద బరువు పెడుతున్నాను. తిరుగు దారి చెప్పనా? ఎంత తిన్నగా ఉందంటే, నేను ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఇంకా జాగ్రత్తగా వెళ్ళిరండి అంటూనే ఉంది!"

అక్క చప్పట్లు కొట్టింది. దారినపోయేవాళ్ళు కూడా ఆగారు. మాస్టారు బల్ల మీదకెక్కి నిలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పండి, ఆదివారం ముందెవరు?"

 సెలూన్ ఆయన బండి దగ్గర గొంతుక్కూర్చుని, అలవాటైన చేత్తో వెనక టైరుని అడ్డంగా నిమిరాడు.

"మాస్టారూ, కొత్త టైరుకి సన్నటి రబ్బరు వెంట్రుకలుంటాయి. కాస్త తిరిగితే రాలిపోతాయి. కొండెక్కి దిగిన దీనికి గడ్డం ఇంకా అలాగే ఉందేం?"

మాస్టారు బల్ల మీంచే చెయ్యి ఊపేశాడు. "కొండ మీద చలికి మళ్ళీ మొలిచాయి."

"ఇక నావల్ల కాదు బావా," అంటూ బావమరిది నడుం పట్టుకుని లేచాడు. "ఈ పొద్దునే బిగించాం. ఎక్కడానికి నీకు భయమేసింది. షాపు నుంచి ఇక్కడిదాకా తోసింది నేను."

అందరూ పగలబడి నవ్వారు. మాస్టారు మాత్రం బల్ల దిగలేదు.

"అదంతా తర్వాత. ఆదివారం ముందెవరో తేల్చండి."

"మీరే మాస్టారూ, ముమ్మాటికీ మీరే," అన్నాడు సెలూన్ ఆయన. "తోసుకుంటూ వెళ్ళాలిగా, శుక్రవారమే బయల్దేరండి."