సారు మా ఇంటి ముంగట జీపు ఆపిచ్చిన పొద్దు

"తాతా, ఎమ్మెల్యే సారు కాడ పని ఎందుకు ఇడ్సిపెట్టినవ్? అమ్మనడిగితే నిన్నే అడుగుమంటది."

మీ అమ్మ గట్లనే అంటది. దానికి సగమే తెల్సు. ఫోన్ల రికార్డు చేస్తున్నవా? చేస్కో. గని మీ బాపుకు ఇనిపియ్యకు బిడ్డా, గదొక్క మాటియ్యి. ఇచ్చినవ్ గదా. ఆఁ.

మనది అసలు సిరిసిల్ల గదా. నాలుగు సాంచాలు, గవే బట్ట నేసే కరెంటు మగ్గాలు, ఒక్కన్నే నడిపిచ్చేటోన్ని. గా చప్పుడుకు ఇప్పటికి గూడ నాకు ఎడమ చెవ్వు ఇనరాదు, నువ్వు గిటు దిక్కు కూసో. పక్క సాంచాల మీద రాజేశం అని ఒకడుండె. నాకంటె పదేండ్లు సిన్నోడు. చాయ తాగుదాం రమ్మంటే పైసలు నన్ను ఇయ్యనియ్యకపోవు, గసొంటోడు. మల్ల సాంచాలు బందయినయ్. నూలు రేటు, కరెంటు, గవన్నీ ఇప్పుడెందుకు తియ్. కొందరు భీవండి పోయిండ్రు, కొందరు ఇంట్లనే... ఏమయిండ్రో నువ్వు సదివే ఉంటవ్. నేను మీ అమ్మమ్మ ఊరని కోరుట్లకు అచ్చిన.

గప్పుడు పట్టుకున్న సారును. జగిత్యాలల ఉండేటోడు. అప్పటికే ఒకపారి నిలవడి ఓడిపోయిండు. ఓడినంక ఒక పని మొదలువెట్టిండు, ఎవలు సచ్చిపోయినా పోవుడు. ఉన్నోడా లేనోడా అని సూడకపోవు. మన కాడ పీనుగ మీద సుట్టాలు కొత్తబట్ట కప్పుతరు గదా, గట్ల ఆయిన గూడ ఒక బట్ట తీస్కపోయి కప్పేటోడు. "పెండ్లికి వెయ్యి మంది అస్తరు, అండ్ల నన్నెవడు సూస్తడురా" అనేటోడు. నిజమే మరి. గా సావులు తిరిగి తిరిగే ఎమ్మెల్యే అయిండు. రెండోపారి గూడ గెల్సిండు. నా పనేంది, జీపుల ఎనుక బట్టల మూట పట్టుకొని కూసునుడు. నేసేటోన్ని గదా, మంచి బట్ట సూసి తెస్తనని పెట్టుకున్నడు. మీటరు తొమ్మిది రూపాలుండె, కాదు కాదు, ఎనిమిదిన్నర.

మల్ల దుబాయికి పనికి పోయినోళ్ళ సావులు షురువైనయ్. ఆడ ఎవలన్న పోతే పీనుగను పెట్టెల తెప్పియ్యాలె గదా, మొదాలు సారుకే ఫోను అచ్చేది. ఇంటోళ్ళకు తెల్వకముందే జీపు పోయేది ఒక్కోపారి. ఇగ సూడు, జీపు గల్లీల మర్లిందంటే ఆడోళ్ళు బీడీల చేటలు పక్కకు పెట్టి లేసి నిలవడేటోళ్ళు. జీపు వాళ్ళ తలుపు దాటినంక కూసునేటోళ్ళు. ఒక ఇల్లు దాటంగనే ఒకామె కూసునుడు, ఇంకో ఇల్లు దాటంగనే ఇంకొకామె. నేను ఎనుక కూసుంట గదా, అంత కనవడేది నాకు.

గా పొద్దు ఎండకాలం, పగటీలి. రాయికల్‌ల ఒక సావు సూస్కొని కోరుట్లకు అస్తున్నం. మా గల్లీకి రాంగనే సారు "ఆపు" అన్నడు. మా ఇల్లే. మంచినీళ్ళు తాగుతడు గావచ్చు అనుకున్న. దిగి, మూటలకెల్లి ఆయినే ఒక బట్ట తీస్కున్నడు. ఎన్నడు ఆయిన తియ్యలే, నేనే అందిచ్చేది. చెప్పులు ఇడ్సిండు. మా వాకిట్ల మీ అమ్మ ఒక్కతే ఉన్నది, బీడీలు చేస్తున్నది. నువ్వు కడుపుల, ఏడో నెల. సారు బట్టను రెండు చేతుల మీద పట్టుకొని, జరుగుండ్రి జరుగుండ్రి అన్నట్టు తల ఊపుకుంట, పక్కకు ఒరుసుకుంట ఒరుసుకుంట నడిసిండు. జనం నడుమల పోయినట్టు. ఖాళీ వాకిలి బిడ్డా. మీ అమ్మ ముంగటికి పోయి "పెట్టె ఎప్పుడస్తదమ్మా" అన్నడు.

అది ఉన్నకాన్నే కూలవడ్డది. నేను ఉరికి సారు రెక్క పట్టుకున్న. "ఇది మా ఇల్లు సారూ, ఎవలు పోలే" అన్న. ఆయిన నా మొకం సూసి, "మరి గీళ్ళంత ఎవలురా?" అన్నడు. "గోడకు ఒరిగిన గా నీలి చీరె ముసలామె ఎవలు? గా పొల్లను ఒళ్ళె పండవెట్టుకున్నామె ఎవలు?" గట్లనే రెక్క పట్టి జీపు దిక్కు తోల్కపోయిన. జీపెక్కినంక ఎండ దెబ్బ అన్నడు. నేను గూడ మీ అమ్మకు గదే చెప్పిన.

కని పానం నిలవడుతదా? మీ బాపు దుబాయిల ఉండె. గా సాయంత్రమే ఎస్టీడీ బూతుకు పోయి ఫోను చేసిన. మంచిగనే మాట్లాడిండు. "ఏంది మామా, ఉత్తగ పైసలు దండుగ" అని నవ్విండు. గా నవ్వు ఇన్నంక నాకు ఇంకింత భయమైంది. అబద్దం ఆడిన. పిల్ల అడ్డం తిరిగిందట, తల్లి బతుకుడు కష్టమంటున్నరు, రా అన్న. నువ్వేమో లోపల మంచిగ తన్నుకుంట ఉన్నవ్. వారం తిరక్కుండ అచ్చిండు. అచ్చి, అబద్దమని తెల్సి, రెండేండ్లు నాతోటి మాట్లాడలే. మాట్లాడకుంటేంది, కండ్ల ముంగట తిరుగుతుండె.

ఇగ మీ బాపు జాగల కంపినీకి ఇంకో మనిషి కావాలె. గదే పని, గదే రూము, గదే మంచం. వీసాల ఏజెంటు మన ఎమ్మెల్యే సారు ఇంటికి ఫోను చేసిండు. గా దినాలల్ల రాజేశం రోజు అచ్చేటోడు సిరిసిల్లకెల్లి. "అన్నా, ఒక్క వీసా సూడే" అని నా ఎంబడే తిరిగేటోడు. నేను చెప్పిన. "ఒకటున్నది తమ్మీ" అన్న.

నాకు తెల్వదా? తెల్సు. తెల్సే చెప్పిన. గా జాగ ఖాళీగుంటే గా సావు ఎతుక్కుంట మల్ల మన ఇంటికే అస్తదని అనిపిచ్చింది. ఎవలన్న ఒకలు పోతె మనకు తప్పుతదని. గీ మాట మీ అమ్మమ్మకు గూడ చెప్పలే.

రాజేశం పోయిన నాలుగు నెలలకు, నువ్వు బోర్ల పడుతున్నవ్ గప్పుడు, నిద్రల గుండె ఆగిందని కాయితం అచ్చింది. సిరిసిల్లల సారుకు ఒక్క ఓటు లేదు, అయినా మనం పంపిన మనిషని పోదామన్నడు. పోయినం. పెట్టె దించిండ్రు. వాకిట్ల ఆడోళ్ళు కూసున్నరు. గోడకు ఒరిగి నీలి చీరెల ముసలామె, రాజేశం తల్లి. వాని పెండ్లాం పద్మ, పొల్లను ఒళ్ళె పండవెట్టుకున్నది. సారు గడప కాన్నే ఆగిపోయిండు. "నువ్వే కప్పురా" అని బట్ట నా చేతుల పెట్టిండు. ఆయిన చేతులు సల్లగున్నయ్. నేనే కప్పిన.

తర్వాత సారు ఎవలి సావుకు పోలేదట. పోకున్నా జనానికి భయం పోలే. ఓట్లప్పుడు గల్లీలల్లకు పోతె తలుపులు ఏసుకొని, కిటికీలకెల్లి దండం పెట్టి "ఏస్తం సారూ, పోండ్రి, ఏస్తం" అన్నరట. ఏయలే. ఓడిపోయిండు, మంచంబట్టిండు. గవన్నీ నేను ఇన్న ముచ్చట్లే, గప్పటికి నేను లేను ఆయిన కాడ.

నువ్వడిగింది గదే గదా, ఎందుకు లేనని. రాజేశం దినాలైనంక పద్మ జగిత్యాలకు అచ్చింది, సారు ఇంటికి. ఆమెను సూసి నేను గోడెనుకకు పోయిన, తిడ్తదని. తిట్టినా బాగుండు. నన్ను ఎతుక్కుంట అచ్చి నా కాళ్ళు మొక్కింది. "మాకు ఎవలు ఏం చెయ్యలే అన్నా, నువ్వొక్కనివే చేసినవ్. నాలుగు నెలలు కడుపునిండ తిన్నం" అన్నది. ఎంబడి మరిదిని తోల్కచ్చింది. "గా జాగ మల్ల ఖాళీ అయింది గదన్నా, మా మరిదికి ఇప్పియ్యే" అన్నది.

బతిమాలుతనే ఉన్నది. నేను చెప్పులు గూడ ఏసుకోలే, గట్లనే రోడ్డెక్కి బస్టాండుకు నడిసిన. మల్ల పోలే ఆడికి. గా మరిది పోయిండో, పోలేదో... సిరిసిల్లోళ్ళు ఎందరో కల్సిండ్రు నాకు, ఒక్కన్ని గూడ అడగలే.

నువ్వు సల్లగుండాలె బిడ్డా. మీ బాపు సల్లగుండాలె. రాజేశం బిడ్డ నీకంటె రెండు మూడేండ్లు పెద్దగుంటది, ఏడున్నదో, అది గూడ సల్లగుండాలెనని రోజు మొక్కుత. దాని కోసమే మొక్కుదామని కూసుంట. కండ్లు మూస్తే ముందుగాల మీ బాపు పేరే అస్తది నోట్లకెల్లి. ఇప్పటికి గూడ.