సాగనంపే దరువు

టీ వొద్దు మేడమ్. మీ కుర్రోళ్ళు ఇప్పటికే రెండుసార్లు ఇచ్చీసారు. టీ కోసం వొచ్చానేటి నాను? పొద్దున్నుంచీ ఈ టెంటు సుట్టూ తిరుగుతన్నాను. మీరేమో ఆ ఫోను సెవి దగ్గర్నుంచి తియ్యరు, నాకేమో నోరు పెగల్దు. ఒక్క మాట ఇనీసి, తరవాత ఎన్ని ఫోన్లయినా మాటాడుకోండి.

సాయంత్రం మీ ఫెస్టివల్ ఊరేగింపులో ఆ దరువు వొద్దు మేడమ్.

అదే, మొన్న వర్క్‌షాపులో మీ దేశదేశాల కళాకారులకి నాను డప్పు మీద నేర్పింది. మీరు ఫోన్లో పెట్టి 'వైజాగ్ బీట్' అని పేరెట్టీసారు సూడండి, అదే.

అబ్బే, తప్పుగా వాయిత్తన్నారని కాదు. బాగా వాయిత్తన్నారు. అదే గదా నా ఏడుపు!

ఎలాగ సెప్పీది మీకు... మీరు పుట్టి పెరిగింది స్టీల్ ప్లాంటు క్వార్టర్సులోనన్నారు గదా. నాన్నగారిది గోదావరి జిల్లా అన్నారు. మీ సెక్టార్లలో మడిసి పోతే బండొత్తాది, తలుపేసుకుని ఎల్లిపోద్ది. మా మల్కాపురంలో అలాగ కాదమ్మా. మడిసి పోతే ముందు డప్పు నడవాలి, ఎనక పాడె నడవాలి.

ఆఁ. అదే మేడమ్. అది సావు దరువు.

అయ్యో, కూకోండి. కూకోండి ముందు. నీళ్ళు తాగండి. అందుకే పొద్దున్నుంచీ సెప్పలేక సస్తన్నాను.

మీరే గదా అన్నారు, "గవర్రాజుగారూ, ఏదైనా ఈజీది నేర్పండి, గంటలో వొచ్చీయాలి" అని. ముందు పెళ్ళి దరువే ఎత్తుకున్నాను. మీరూ సూసారు. ఆ స్పీడుకి వాళ్ళ సేతుల్లో పుల్లలు ఉంటేనా! ఆ సెనెగల్ ఆయనకి కళ్ళద్దాలు పోనాయి. పోనీ అమ్మోరి దరువు నేర్పుదునా? రేపు ఎవులికైనా ఒంటి మీదకి వొచ్చీసిందనుకోండి, ఫ్రాన్సు దేశం మడిసికి పూనకం ఎక్కితే దింపీవోడు ఎవుడు? అమ్మోరు ఏ భాషలో పలుకుద్దో!

ఇదేమో మెల్లగా ఉంటాది. నలుగురు భుజాన బరువెట్టుకుని నడిసే దరువు గదా. అడుగు పడ్డం, దెబ్బ పడ్డం. సేతికి బేగి వొచ్చీత్తాది.

నాననుకున్నానూ, నాలుగ్గోడల మజ్జిన ఒక గంటసేపు, తరవాత ఇమానాలెక్కి ఎవుల దేశం వాళ్ళు పోతారు, ఎవులికి తెలుత్తాదిలే అని. మీరు దాన్ని బీచ్ రోడ్డు మీద ఊరేగింపు సేసీసారు! బాకాలంట, గిటార్లంట, అన్నీ దానికే కట్టీసారంట!

నిన్న రిహార్సల్లో సూసారా? మొక్కజొన్న పొత్తులు కాల్చే గంగాలమ్మ, నిప్పులు అలాగే ఒగ్గీసి లేచి నిలబడిపోనాది. సెప్పులు ఇప్పీసి, సేతులు జోడించీసి, "ఎవులు బాబూ పోనారు?" అని నన్నే అడిగింది. మీరేమో మనకి నమస్కారం పెడతంది అనుకుని ఫోటో తీసారు. నానేటి సెప్పను ఆవిడకి? ఎవులూ పోలేదమ్మా, సరదాకి అని సెప్పనా?

అదంతా ఒకెత్తు. ఆ ఫ్రాన్సు అమ్మాయి ఒకెత్తు. ఏడో నెలో ఎనిమిదో నెలో, నిండుగా ఉంది. పొట్ట మీద డప్పు ఆనించుకుని వాయిత్తంది మేడమ్! మా ఇళ్ళల్లో కడుపుతో ఉన్న ఆడకూతురికి ఆ సప్పుడు ఇనపడిందంటే లోపలికెల్లి తలుపేసుకుంటాది. సెబుదామంటే ఇంగ్లీషు రాదు. వొద్దమ్మా వొద్దమ్మా అని సెయ్యి ఊపితే, ఆవిడ కూడా నవ్వుకుంటా నాకు సెయ్యి ఊపింది.

సాయంత్రం మా బావ తిరుమలరావు డప్పుల జట్టునంతా ఏసుకుని వొత్తన్నాడు, నన్ను సూడ్డానికి. పేపర్లో నా ఫోటో పడిందని వాడకంతా సెప్పుకున్నాడు పాపం. వాడు మొదటి దెబ్బకే కనిపెట్టీత్తాడు. సావు దరువుకి తెల్లోళ్ళని డేన్సులాడించాడ్రా అని నా మొకాన ఉమ్ముతారు. రేపు పెళ్ళికి పిలిసీవోడు ఉంటాడా నన్ను? ముందు నుయ్యి, ఎనక గొయ్యి అంటే ఇదే.

మార్చడానికి టైము నేదంటారా? తెలుసమ్మా. నాకూ తెలుసు. పేరు మార్చి సెప్తే సాలదా అంటే... సప్పుడికి పేరుతో పనేటి మేడమ్, సెవులున్నోడికి తెలిసిపోద్ది.

ఏటీ?

ఇదే ఎందుకు నేర్పాననా? అదేటి అలాగడుగుతారు... ఈజీదని నేర్పాను. సెప్పాను గదా ఇందాక.

ఉన్నాయి. ఈజీవి ఇంకా ఉన్నాయి. మా పిల్లలకి మొదట నేర్పే దరువుంది, సిన్నది, ఎవుడికైనా వొత్తాది. ఉన్నాయి మేడమ్. నానబద్ధం ఆడలేదు. సేతులు దాని మీదకే పోనాయి. అంతే.

వైశాఖంలో మా ఇంటిది పోనాది. పైడితల్లి. మీకు తెలీదు, మీరు నన్ను కలిసింది ఆ తరవాతే గదా. కామెర్లు. మా వైపు పసిరికలంటాం, ఆకు పసరు తాగిత్తే తగ్గిపోద్దిలే అన్నారు, తాగించాం, తగ్గలేదు. ఆస్పత్రి నుంచి తెచ్చీసరికే అయిపోనాది.

నా డప్పు కాచీది అదే మేడమ్. మంట ఎంతుండాలో దానికే తెలుసు. నాను కాత్తే మాడ్చీత్తానని దగ్గరికి రానిచ్చీది కాదు. ఇన్నేళ్ళూ నా దరువు బాగుందంటే, సగం దాని సేతి గుణమే.

సరిగ్గా ముహూర్తాల రోజులు. మా బావా, జట్టూ ఎలమంచిలిలో పెళ్ళికెల్లారు. పూర్ణా మార్కెట్ దగ్గర ఇంకో జట్టుంది, ఫోను సేసాం, వాళ్ళూ పెళ్ళిలోనే. ఎవులూ దొరకలేదు. ఆ ఎండలకి ఉంచలేం, ఎత్తీయండి అన్నారు పెద్దలు. ఎత్తీసారు.

గోడకి నా డప్పు ఏలాడతంది. నాను దాన్ని సూత్తన్నాను. ఏటి సేత్తాను? ఇంటోడు వాయించకూడదు. సావింట్లో మొగుడైనా కొడుకైనా డప్పు ముట్టకూడదు, అది మా కట్టుబాటు. మా నాన్న పోయినప్పుడు మా బావ వాయించాడు, బావోళ్ళ అమ్మ పోతే నాను వాయించాను.

దరువు నేకపోతే మోసీవోళ్ళ అడుగులు కలవవు మేడమ్. ఒకడు బేగి, ఒకడు మెల్లగా. పాడె అటూ ఇటూ ఊగిపోనాది. దాన్ని అలాగ ఊపుకుంటా పట్టుకెల్లీసారు. దారంతా సప్పుడు నేదు. ఎవుడో దగ్గాడు. అదే సప్పుడు.

ఊరందర్నీ సాగనంపినోణ్ణి. నా పెళ్ళాన్ని మాత్రం అలాగ పంపాను.

మొన్న హాల్లో, మొదట ఎవుల దారి వాళ్ళదే, గోలగోల. మీరు కూడా మొకం ముడుచుకున్నారు. ఇంకోసారి కొట్టించాను. ఒక్కసారిగా కలిసిపోనాది మేడమ్. నలభై మంది, ఒకటే దెబ్బ! పేరూ ఊరూ తెలీనోళ్ళు. నాకు కళ్ళంట నీళ్ళొచ్చీసాయి. మీరు సంతోషం అనుకున్నారు. అప్పుడు ఆపీయాలి నాను. ఆపి వేరేది నేర్పాలి. నేర్పలేదు. ఇంకోసారి అన్నాను. అది అయ్యాక మళ్ళీ ఇంకోసారి అన్నాను.

ఆపండని సెప్పడానికే వొచ్చాను, అమ్మోరి మీద ఒట్టు. ఇప్పుడేటి సేత్తన్నారు? ఎవులికి? స్టేజీ వాళ్ళకా? కేన్సిల్ సెయ్యమనా?

ఆ ఫోను పెట్టీయండి మేడమ్. నా మాటినండి, పెట్టీయండి.

ఆ కడుపుతో ఉన్న అమ్మాయిని మాత్రం ఏదో ఒకటి సెప్పి హోటలుకి పంపీయండి. ఆవిడ సల్లగా ఉండాలి. మా బావ తిట్టుకుంటే తిట్టుకోనీండి, పెళ్ళిళ్ళకి పిలవకపోతే మానీండి. నన్ను తలపాగా కట్టి అందరికన్నా ముందు నిలబెడతానన్నారు గదా, అది వొద్దు. ముందు వాళ్ళని నడవనీండి. నాను డప్పు ముట్టను. వాళ్ళ ఎనకాల నడుత్తాను.