ఏరిన కాయలే మళ్ళీ

వాకిట్లో చాప మీద గురవమ్మ మిరపకాయలు ఏరుతోంది. వంటింట్లో ఆమె కోడలు శ్రీరమ్యా, శ్రీరమ్య తమ్ముడు బాలూ గొంతులు తగ్గించి పోట్లాడుకుంటున్నారు. తగ్గించామని వాళ్ళ నమ్మకం.

“మళ్ళీ చెప్పక్కా. పొద్దున్నుంచి అత్త కూర్చుని తెల్లబడ్డ తాలు కాయలన్నీ ఏరి పక్కన పెట్టిద్ది. సాయంత్రం నువ్వెళ్ళి వాటిని మళ్ళీ మంచి కాయల్లో కలిపేస్తావు. అంతేనా?”

“నెమ్మదిగారా బాలూ.”

“అంతేనా?”

“అంతే. పంటంతా ఎప్పుడో గుంటూరు యార్డుకి పోయింది. మిగిలింది ఆ ఒక్క బస్తా. పని చెయ్యని రోజు ఆవిడకి ముద్ద దిగదురా. కాయలు అయిపోయినయ్యని ఒకరోజు కంచం తోసేసి లేచిపోయింది. ఆ సాయంత్రమే లేచి కలిపా.”

“చూపానదు, ఒకటే దగ్గు. ఆ ఘాటులో కూర్చోబెడితే ఏం ఉపయోగం?”

“తింటంది. అదే ఉపయోగం.”

“తినటానికి ఏరటం, ఏరటానికి తినటం. గానుగెద్దు నయం, నూనన్నా వచ్చిద్ది. మనిషి పుట్టింది ఇందుకా?”

“మరి దేనికో నువ్వు చెప్పు. మంగళగిరిలో ఏసీలో కూర్చుని నువ్వు చేసేదేంటి?”

“నేనా? పైనోడు పంపిన మెయిలు కిందోడికి పంపుతా.”

“కిందోడు?”

“మళ్ళీ నాకే పంపుతాడు. నవ్వకు. నా గొడవ వదిలెయ్. అక్కడి చీరల షాపాయన సోమవారం కల్లా నిన్ను పన్లో చేరమన్నాడు. లేకపోతే ఇంకొకళ్ళని పెట్టుకుంటాడు.”

“పెట్టుకోనీ. నేను రాను.”

“బావ పోయాక గోడవైపు తిరిగి పడుకున్నావు. తల దువ్వుకోలా, మాట్లాడలా. నువ్వు కూడా పోతావేమోనని అమ్మ ఎంత ఏడ్చిందో. ఇప్పుడు లేచావు, తిరుగుతున్నావు. ఇది తాలు కలపటానికా అక్కా?”

“నేను పోతే ఎవరు కలుపుతారు? నువ్వొచ్చి కలుపుతావా? తిండి మానేసి ఆవిడ మంచాన పడిద్ది. నాకు భయంరా. ఇంకో మనిషిని పోగొట్టుకోలేను.”

“అబ్బాయ్ బాలూ.”

“ఆఁ... అత్తా, మీరెప్పుడొచ్చారు లోపలికి?”

“చేతులు మండుతున్నాయి, కాస్త మజ్జిగ పోసుకుందామని. బస్సెప్పుడు?”

“ఏ బస్సు?”

“మంగళగిరి పోయేది. మీ అక్కని తీసుకుపో.”

“నువ్వూరుకో అత్తయ్యా. ఇంకా కాయలున్నాయి, నువ్వెళ్ళి...”

“ఉండకేం, నిన్న ఏరినవేగా. కొత్త కాయ చేతికి మెత్తగా తగిలిద్ది. ఇవి పట్టుకుంటే పొడైపోతన్నయ్.”

“నీకు... నీకు తెలుసా?”

“మొదటి వారంలోనే తెలిసింది. బాలూ, దాని బట్టలు సర్దించు.”

“మరి మీకు ముద్ద దిగుద్దా అత్తా?”

“నా ముద్ద సంగతి నేను చూసుకుంటాలే.”

“ఉండరా బాలూ. అత్తయ్యా, తెలిసి కూడా ఆ మంటలో, ఆ దగ్గుతో రోజూ ఎందుకు ఏరావు?”

“మా అబ్బాయి పోయాక నువ్వు మంచం దిగింది ఆ కాయలు కలపటానికేగా తల్లీ.”