వీరుడి మొహం

స్నేహితులంతా బల్ల చుట్టూ చేరి, తలా ఒక పాత్ర పంచుకుని, పాచికలు వేస్తూ ఆడుకున్న ఆటని ఆమె కామిక్‌గా గీస్తోంది. వీరుడిగా ఆడినవాడు ఎదురుగా కూర్చుని కాగితం మీది రబ్బరు పొడి ఊదుతున్నాడు.

“మళ్ళీ చెరిపేశావా?”

“చెరపక? రాక్షసుడు మంత్రగత్తె మీదికి గొడ్డలి ఎత్తితే నీ వీరుడు ఎందుకు అడ్డం దూకాడో తెలియకుండా మొహం ఎలా గీయను?”

“పాచిక మీద ఒకటి పడింది, చచ్చాడు. అంతే.”

“మహానుభావా, ఆటకి పాచిక చాలు. కథకి కారణం కావాలి.”

“ధైర్యవంతుడని రాసెయ్.”

“వాడా? గబ్బిలాన్ని చూసి బండి కింద దూరాడు!”

“అబ్బా, నా ప్రాణం తీయకు తల్లీ. ఏదో ఒకటి గీసెయ్.”

“చావడం పాచిక వల్లే, ఒప్పుకుంటా. అడ్డం దూకమని కూడా పాచికే చెప్పిందా?”

“లేదు. నేనే దూకాను.”

“అదే, ఎందుకు?”

“ఆ మంత్రగత్తెగా ఆడింది ఎవరు?”

“నేను. అయితే?”

“అయితే ఏంటి? అంతే.”

పెన్సిల్ ఆగిపోయింది.

“ఆ ముక్కేదో అప్పుడే ఏడవచ్చుగా! పొద్దుట్నుంచి చెరిపి చెరిపి కాగితం చిరిగింది. కదలకు. కిందికి కాదు, నన్ను చూడు. ఆ మొహమే కావాలి నాకు.”