ఒకే పెట్టెలో రెండు కార్డులు

బుధవారం తెల్లవారుజామున ముమ్మిడివరం దగ్గర ఒక చెరువులో రొయ్యలన్నీ ఊపిరాడక చచ్చిపోయాయి. మధ్యాహ్నం ఆ చెరువు యజమానురాలు, అక్కడ వైర్‌లెస్ పెట్టె బిగించిన మెకానిక్ గట్టు మీద మాట్లాడుకున్నారు.

“ఆక్సిజన్ తగ్గితే నా ఫోన్ మోగుద్దన్నావు కదా బాబూ. మోగుంటే లేచి నీళ్ళలో గాలి ఫ్యాన్లు వేసుకునేదాన్ని.”

“ఆయ్. నీళ్ళలో ఆక్సిజన్ మీటరు కబురు పంపిందండి. పెట్టెకి అందలేదు.”

“పెట్టెకి చెవుడా? కెమెరా బొమ్మ రాత్రంతా బాగానే వచ్చిందే.”

“దానివల్లేనండి. పెట్టెలో బొమ్మ పంపే వైర్‌లెస్ కార్డూ, మీటరు కబురు అందుకునే కార్డూ పక్కపక్కనే బిగించేను. రెండూ ఒకే ఛానల్. ఇది అరుస్తుంటే దానికేం వినపడలేదు.”

“దొంగల భయంతో కెమెరా పెట్టమంది నేనే.”

“ఇప్పుడు ఒకదాని ఛానల్ మార్చేనండి. యాంటెన్నాలు దూరం జరిపేను. ఓసారి చూద్దామాండీ?”

“చూడు.”

అతను కెమెరా ఆపకుండానే మీటరును మళ్ళీ ఆ ఆక్సిజన్ లేని చెరువులోకి దించాడు. ఆమె ఫోన్ మోగింది.