ఏడో పాఠం ఆఖరి నిమిషం

మైక్ సెట్టు దయాకర్ బాబు చెప్పిన దాంట్లో సగం తీసేసి, మిగిలిన దాంట్లో మళ్లీ సగం తీసేస్తే నిజం దొరుకుతుందని నర్సీపట్నంలో అందరికీ తెలుసు. తెలిసీ వింటారు. బస్సు కాంప్లెక్సు ఎదురు సందులో టీ కొట్టు నడిపే గున్నమ్మ అయితే పదిహేనేళ్లుగా ఒక చెవితో వింటూనే ఉంది. ఆ మధ్యాహ్నం మాత్రం రెండు చెవులూ అటే పారేసింది. ఎందుకంటే ఆయన ఎత్తుకున్నది పెళ్లిళ్ల మైకుల సంగతీ కాదు, చర్చి కూటాల సంగతీ కాదు. పాడ్‌కాస్టుల సంగతి.

ఆ కొట్టు ముందు బల్ల మీద కూర్చునే వాళ్లెవరికీ తెలియని ముక్క ఒకటుంది. నలభై ఆరేళ్ల గున్నమ్మ దూరవిద్యలో బి.ఏ. కట్టింది. కూతురు సాయిలక్ష్మి ఫారం నింపి, పాఠాలు ఫోన్లో పెట్టిచ్చింది. క్లాసులకి రాలేని వాళ్ల కోసం యూనివర్సిటీ పెట్టించిన పాఠాలవి. చెప్పేది రిటైరైన ఎకనామిక్సు లెక్చరరు నారాయణమూర్తి గారు, రికార్డు చేసేది ఈ దయాకర్ బాబు. పాలు కాగేటప్పుడూ గ్లాసులు కడిగేటప్పుడూ కొంగు చాటున ఇయర్‌ఫోను పెట్టుకుని వింటుంది గున్నమ్మ. బయటపెడితే 'టీ కొట్టుకి డిగ్రీ ఏటి' అని నలుగురూ నవ్విపోతారని భయం. సోమవారం పరీక్ష. ఇంక నాలుగు రోజులుంది.

ఏడో పాఠం దగ్గర ఆమెకి పీటముడి పడింది. మేస్టారు పాఠం మొదట్లోనే అడుగుతారు: "నీళ్లు లేకపోతే మనిషి బతకడు. వజ్రం లేకపోతే ఎవరికీ ఏమీ కాదు. మరి నీళ్లు చవక, వజ్రం ప్రియం. ఎందుకు?" అడిగి, ఇరవై నిమిషాలు ఊరించి ఊరించి, "దీనికి ఒక్కటే కారణం, అదేమిటంటే" అంటారు. అంతే, పాఠం అక్కడ ఆగిపోతుంది. నాలుగుసార్లు విన్నా అక్కడే ఆగింది. పుస్తకం తెరిస్తే అందులో ఉన్నది తెలుగే గాని గున్నమ్మకి తెలిసిన తెలుగు కాదు. వారం రోజులుగా బిందె ఎత్తినా నీళ్లే, టీ కాచినా నీళ్లే, ఆ ప్రశ్న ఆమెని వదల్లేదు. దయాకర్ బాబుని అడిగితే తేలిపోతుంది. అడిగితే గుట్టూ తేలిపోతుంది.

"నాను గొప్పలు సెప్పుకునే మనిషిని కాదు," అని మొదలెట్టాడు దయాకర్ బాబు. ఎప్పుడూ అలాగే మొదలెడతాడు. "ఏదో సిన్న పని. మేస్టారు పిలిసి, దయాకరూ, పదిహేను పాఠాలు రికార్డు సెయ్యాలి, నీలాంటోడు ఈ జిల్లాలో ఇంకొకడు లేడు అన్నారు. సరే అన్నాను."

"జిల్లా అంతా ఎతికేరేటి అన్నయ్యా?" అన్నాడు క్రీస్తురాజు. కొయ్యూరు రోడ్డులో ఆటో తోలే మనిషి.

"రెండు జిల్లాలు ఎతికేరు. ఇను మరి. రికార్డు సెయ్యడమంటే బటన్ నొక్కడం అనుకుంటన్నారు మీరు. ముందు పేపరు మీద ప్లాను రాసుకోవాలి. మొదటి నిమిషంలో ఒక ప్రశ్న ఎయ్యాలి, ఇనేవోడు ఓర్నీ ఇదేటని సెవులు నిక్కబొడుసుకోవాలి, జవాబు మట్టుకు ఆఖరి నిమిషం దాకా దాసుకోవాలి. ఈ ప్లాను ఎవులిదనుకున్నారు? నాదే. మేస్టారు పక్కన కూకుని రాసుకున్నారు."

గున్నమ్మ చేతిలో వడకట్టు ఆగింది. ప్లాను ఎవరిదైతేనేం, మాట నిజమే. మేస్టారి పాఠాలన్నీ అలాగే నడుస్తాయి. అబద్ధాల గంపలో ఒక నిజం దొరికింది గదా, వెతికితే ఇంకొకటి దొరక్కపోదని ఆమెకి ఆశ పుట్టింది.

"ఆ జవాబులు మీరు కూడా ఇంటారేటి బాబు గారూ?" అంది, ఏమీ ఎరగనట్టు.

"ఇనడమేటి గున్నమ్మా! నాకు కంఠతా. సరే, మొదటి రోజు మేస్టారింట్లో కూకున్నాం. కుక్కరు విజిలు. ఆపించీసేను. ఫేను సప్పుడు. ఆపించీసేను. పక్కింటి కొండలమ్మ గారి టీవీ. బతిమాలి అదీ ఆపించీసేను. ఇంతవరకూ ఎవుడైనా సేస్తాడు. రోడ్డు మీద బస్సుల మాటేటి? ఆ తర్వాత ఏటి సేసేనో తెలుసా? కాంప్లెక్సుకెల్లి, అయ్యా, ఇరవై నిమిషాలు ఇంజన్లు ఆపి బస్సులు తోసుకెల్లండి, పిల్లల సదువు అన్నాను. పేసింజర్లంతా దిగి తోసేరు. విశాఖపట్నం బస్సుని తాళ్లపాలెం దాకా తోసేరు."

"రోజూ కాంప్లెక్సు దగ్గిరే ఉంటాను గదా, నాకు కనపడలేదేటి మరి?" అన్నాడు క్రీస్తురాజు.

"నువ్వూ తోస్తన్నావు. తల ఒంచుకుని తోసేవు గావాల, కనపడి ఉండదు."

బల్ల మీద నవ్వులు లేచాయి. దయాకర్ బాబు ఇంకో గుక్క తాగి సర్దుకుని కూర్చున్నాడు. నవ్వు వినిపిస్తే ఆయనకి పగ్గాలు వదిలేసినట్టే.

"అయినా ఊళ్లో నిశ్శబ్దం దొరకలేదు. జీపు కట్టించి, మేస్టార్ని ఎక్కించి, కొయ్యూరు కొండల్లోకి పోయేం. మైకు జర్మనీది. పోయి పోయి, మనిషి మాట ఇనపడని సోటు సూసి పెట్టేను. అక్కడ కీసురాళ్లు! వాట్లో పెద్దదాన్ని సూసి, నాయనా, ఇరవై నిమిషాలు ఓర్సుకో అన్నాను. మొత్తం ఆగిపోయేయి. ఇంకా ఏదో సప్పుడు. సెవి పెట్టి ఇంటే ఆకు రాలతంది. సెట్టుకి ఆకులన్నీ దారం పెట్టి కట్టించేను. ఇంకా ఏదో సప్పుడు. ఏటది? సీమ. సీమ నడుస్తంది! దాని కాళ్లకి దూది కట్టేను."

"ఆరు కాళ్లకీనా?" అన్నాడు సూర్యప్రకాష్. రోలుగుంట దగ్గర జీడితోట ఉన్న రైతు. బస్సు కోసం వచ్చి, వచ్చిన బస్సుని వదిలేసి వింటున్నాడు.

"నాలుగింటికి నాను కట్టేను. రెండిటికి మేస్టారు కట్టేరు. పెద్దాయన సాయం సేస్తానంటే ఒద్దంటానేటి? ఆ తర్వాత ఏటయిందో తెలుసా? నిశ్శబ్దం గట్టిపడిపోయింది. జున్నులాగ. మేస్టారు నోరు ఇప్పినా మాట బయటకి రావడానికి దారి లేదు. కత్తి తీసి, కోసి, దారి సేసేను. ఆ కోసిన ముక్కలు పారెయ్యలేదు, సంచిలో ఏసుకుని ఒచ్చేను. ఇప్పుడు పెళ్లిళ్లలో ఎవుడైనా గోల సేస్తే సిటికెడు సల్లుతాను."

"మా ఇంట్లోకి ఒక ముక్క ఇద్దురూ," అన్నాడు సూర్యప్రకాష్.

"బుకింగులున్నాయి. ఇంక ఆ మైకు పవరు సెప్తే మీరు నమ్మరు. మేస్టారు మనసులో అనుకుంటంటేనే రికార్డయిపోతంది. పదిహేను పాఠాలు సాయంత్రానికి పూర్తి. ఆయన నోటితో సెప్పింది ఏడు పాఠాలే, మిగతావన్నీ ఆలోసనలే."

గున్నమ్మ పొయ్యి దగ్గర నుంచి ఒక అడుగు ముందుకొచ్చింది. "ఏడోది నోటితోనే సెప్పేరా బాబు గారూ?"

"నోటితోనే. ఒక్క అచ్చరం పోలేదు."

ఆమెకి ఒళ్లు మండింది. ఇందాకటి దాకా చీమకి దూది కట్టినా సరదాగానే ఉంది. ఇది అలా లేదు. ఆయన కోసిన కోతల్లో తన పరీక్ష కూడా తెగిపోయిందనిపించింది. అయినా నోరు మూసుకుని మంట తగ్గించింది.

"పాఠాలు బయటకి ఒదిలేక సూడాలి! మీ రోలుగుంటలోనే ఒకాయన ఫోను ఎద్దు మెడకి కట్టి దున్నేడు. మూడో పాఠం అయ్యేసరికి ఎద్దు సాల్లో నిలబడిపోయింది. కదల్దు. ఏటంటే, సెరుకు లాభమా, జీడి లాభమా అని లెక్క కడతంది."

"ఎవరెద్దు?" అన్నాడు సూర్యప్రకాష్, తన ఊరి పేరు వచ్చేసరికి.

"పేరు సెప్పకూడదు. పరీక్ష రాస్తంది. ఇనేవోళ్లు ఎంతమందయ్యేరో తెలుసా? దేశంలో ఉన్న సెవులన్నీ అయిపోయేయి, ఇంక కొత్త సెవులు పుట్టాలి. యూనివర్సిటీ వాళ్లు వైస్ ఛాన్సలరు కుర్సీ లారీలో ఏసి మా ఇంటికి పంపేరు. పెళ్లిళ్ల సీజను, కుదరదని తిప్పి పంపించీసేను. ఇంతకీ నాను సెప్పేదేటంటే, ఆ పాఠాల్లో ఒక్క ముక్క, ఒకే ఒక్క ముక్క పోయిందని ఎవులైనా సెప్పమనండి. నా మైక్ సెట్టు ఇక్కడే ఒదిలీసి పోతాను."

గున్నమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. నవ్వుతారు, నవ్వనీ. సోమవారం ఆ ప్రశ్న ముందు తెల్లమొహం వేసుకుని కూర్చోవడం కంటే ఈ బల్ల నవ్వడం నయం అనుకుంది.

"ఏడో పాఠం," అంది. "ఇరవయ్యో నిమిషం."

దయాకర్ బాబు తల తిప్పాడు.

"'దీనికి ఒక్కటే కారణం, అదేమిటంటే' అన్నారు మేస్టారు. అంతలోకి మీ ఫోను రింగయింది. అదిగో, ఆ జేబులో ఉన్న ఫోనే, ఆ రింగు నాకు తెలీదేటి? పాఠం ఆగిపోయింది. జర్మనీ మైకుకి ఫోన్లొస్తాయేటి బాబు గారూ?"

క్రీస్తురాజుకి టీ పొలమారింది.

"నీకెలా తెలుసు గున్నమ్మా?" అన్నాడు దయాకర్ బాబు, గొంతు తగ్గించి.

"నాను బి.ఏ. కట్టేను. సోమవారం పరీక్ష. పదిహేను పాఠాలన్నారు, ఫోన్లో పదకొండే ఉన్నాయి, పోనీండి. ఏడోది నాలుగుసార్లు ఇన్నాను. మీరు అక్కడే ఉన్నారు గదా, కంఠతా అన్నారు గదా. ఆ కారణం ఏటో సెప్పండి. బస్సులు, సీమలు నాకొద్దు. మేస్టారు ఏటన్నారు?"

ఆమె అనుకున్న నవ్వు రాలేదు. క్రీస్తురాజు గ్లాసు కింద పెట్టేశాడు. సూర్యప్రకాష్ ఆమె వంక కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నాడు. దయాకర్ బాబు జేబులో ఫోను తడుముకున్నాడు.

"నాను ఇన్లేదు గున్నమ్మా," అన్నాడు. "పెళ్లోళ్ల ఫోను. బయటకెల్లి మాటాడేను. తిరిగొచ్చేసరికి మేస్టారు అయిపోయిందన్నారు. నాను కూడా అయిపోయిందనే అనుకున్నాను."

ఆ మధ్యాహ్నం మొత్తంలో కోత లేని మాట అదొక్కటే. చెప్పి ఆయన సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు చూసి గున్నమ్మకి కోపం సగం చల్లారింది. అంతలో ఆయనే ఫోను తీసి నంబరు నొక్కి, స్పీకరు పెట్టి ఆమె ముందు పెట్టాడు.

"చెప్పు దయాకరూ," అంది అవతల నుంచి, రోజూ కొంగు చాటున విన్న మేస్టారి గొంతు.

"మీ స్టూడెంటునండి," అంది గున్నమ్మ. అలా అనడం జీవితంలో మొదటిసారి. "ఏడో పాఠంలో వజ్రం దగ్గర ఆగిపోయిందండి. కారణం ఇనపడలేదు."

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

"అక్కడిదాకా విన్నావా అమ్మా?" అన్నారు మేస్టారు. "ఎవరైనా వింటున్నారో లేదో తెలియక, ఇన్నాళ్లూ గోడకి చెప్పుకుంటున్నాననుకున్నాను."

"నాలుగుసార్లు ఇన్నానండి. బేగి సెప్పండి, ఒంట్లో బాగోనట్టుంది అది తెలీక."

ఆయన నవ్వారు. "నువ్వేం చేస్తావమ్మా?"

"టీ కొట్టండి."

"అయితే నీ దగ్గరే ఉంది జవాబు. ఎదురుగా ఎవరైనా వరసగా టీలు తాగుతున్నారా?"

గున్నమ్మ బల్ల వంక చూసింది. దయాకర్ బాబు ముందు మూడు ఖాళీ గ్లాసులున్నాయి. "ఒకరున్నారండి. నాలుగోది నడుస్తంది."

"మొదటిది ఎలా తాగాడు?"

"నాలిక కాలినా ఆగలేదండి. ఎంత రేటు సెప్పినా ఇచ్చీసేవారే."

"నాలుగోది?"

"మీగడ కట్టీసిందండి. ఉత్తినే ఇచ్చినా ఒద్దంటారు."

"టీ అదే, మనిషీ అతనే. మరి ధర ఎక్కడ మారిందమ్మా?"

గున్నమ్మ కళ్లు చిట్లించి గ్లాసుల వంక చూస్తూ నిలబడింది. ఆటోలు హారన్లు కొడుతున్నాయి, కండక్టరెవరో కేకేస్తున్నాడు, ఆమెకి ఏదీ వినపడలేదు. వారం రోజుల ముడి ఒక్కొక్క పోగే వదులవుతుంటే ఆమెకి ఏడుపొచ్చినంత సంతోషం వేసింది.

"నీళ్లంటే మనకి ఎప్పుడూ నాలుగో గ్లాసేనండి," అంది నెమ్మదిగా. "వజ్రం ఎవులికీ మొదటి గ్లాసు దాటదు. అందుకండి."

"ఆఖరి గ్లాసుకుండే ఆ విలువనే పుస్తకంలో ఉపాంత ప్రయోజనం అంటారు," అన్నారు మేస్టారు. "కానీ నేను ఇంత బాగా చెప్పలేదమ్మా. ఆ పాఠం మళ్లీ రికార్డు చేద్దాం. ఈ గ్లాసుల సంగతి నువ్వే చెప్పాలి. దయాకరు ఉన్నాడా అక్కడ?"

గున్నమ్మ అప్పటికే లెక్కల కాగితం తిరగేసి పెన్ను కోసం తడుముకుంటోంది.

"ఉన్నారండి," అంది తలెత్తకుండా. "పాలు పొంగిపోకుండా సూస్తారు. మీరు సెప్పండి, రాసుకుంటాను."

దయాకర్ బాబు కిక్కురుమనకుండా లేచి వెళ్లి గరిటె అందుకున్నాడు.